ఇంట్లోనే చిన్న డేటా సెంటర్

విశాఖలో ఏఐ హబ్‌కు ఐదేళ్లలో సుమారు 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అరకులోనో పాడేరులోనో చదువుతున్న మీకు అందులో చోటుందా? నిజం చెప్పాలంటే, డేటా సెంటర్లలో పెట్టుబడి ఎక్కువ, శాశ్వత ఉద్యోగాలు తక్కువ. అందుకే ఒక్క కంపెనీని కాదు, ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యాన్ని నమ్ముకోండి. అలాంటిదే వర్చువలైజేషన్: ఒకే యంత్రంలో అనేక కంప్యూటర్లను నడపడం.

ఈ రంగం ఇప్పుడు మారుతోంది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా పద్ధతి తెచ్చింది. ఖర్చు పెరిగిన సంస్థలు ప్రత్యామ్నాయాలు వెతుక్కుంటున్నాయి. వాటిలో ప్రాక్స్‌మాక్స్ ఒకటి. ఓపెన్ సోర్స్, ఉచితంగానే దించుకోవచ్చు.

దీన్ని నేర్చుకోవడానికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న మినీ పీసీలో మూడు నాలుగు లినక్స్ మెషీన్లు హాయిగా నడుస్తాయి. సగటున 15 వాట్లు లాగినా, నెలంతా ఆపకుండా నడిపితే 11 యూనిట్లలోపే.

కొండ మీద చిక్కులు వేరు. ఉన్నట్టుండి కరెంటు పోతే డేటా చెడిపోవచ్చు, చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఊళ్లో సిగ్నల్ అందకపోతే ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు కాలేజీలోనే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఆ తర్వాత చాలా ప్రయోగాలకు నెట్ అవసరం ఉండదు.

ఏఐ గిరాకీతో ర్యామ్ ధరలు పెరిగాయి కాబట్టి అప్పు చేసి మాత్రం కొనొద్దు. చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్‌తో మొదలెట్టండి. ఒక మెషీన్‌ను కావాలనే చెడగొట్టి, బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ అనుభవమే గట్టిగా మాట్లాడుతుంది.