విచారణ గదిలో నటుడికి పని ఇవ్వండి

రాబర్ట్ గోరెన్ అనే డిటెక్టివ్ అనుమానితుడి ఎదుట నిటారుగా కూర్చోడు. ఆరడుగులు దాటిన మనిషి నడుం దగ్గర పక్కకు ఒరిగి, తల వాల్చి, అవతలివాడు దించుకున్న కళ్లలోకి కిందినుంచి తొంగి చూస్తాడు. వాడు ముఖం తిప్పుకుంటే తనూ అటే ఒరుగుతాడు. 2001లో అమెరికాలోని ఎన్‌బీసీ చానల్‌లో మొదలైన ‘లా అండ్ ఆర్డర్: క్రిమినల్ ఇంటెంట్’లో విన్సెంట్ డొనోఫ్రియో ఆ పాత్రను చేసిన తీరు ఇది. అతిగా ఉందని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆ విసుగు సరికాదు.

ఎందుకంటే ఆ ఒరగడానికి ఒక పని ఉంది. గోరెన్ కేసులు ఛేదించేది ఎదుటివాడి మనసు చదివి. కళ్లు దాచుకునేవాణ్ని దాచుకోనివ్వకపోవడం అతని ఉద్యోగంలో భాగం. నటుడు ఎంత విపరీతంగా కదిలినా, ఆ కదలిక పాత్ర చేస్తున్న పనిలోంచి పుడితే చూసేవాడు నమ్ముతాడు. పక్కనే భాగస్వామి ఈమ్స్‌గా కాథరిన్ ఎర్బ్ పెద్దగా కదలదు. ఒక్క చూపు, ఒక్క పొడి మాట, అంతే. ఆమె అలా నిలకడగా ఉండబట్టే అతని విసురు అంతగా ఆకట్టుకుంటుంది. క్రైమ్ సీరియళ్లలో నటన తీవ్రతను గొంతు ఎంత పెరిగింది, కళ్లు ఎంత ఎర్రబడ్డాయి అన్న లెక్కతో చూస్తే అసలు సంగతి చేజారుతుంది. ఆ క్షణంలో ఆ పాత్రకు ఏం కావాలి, దానికోసం ఏం చేస్తోంది అని చూడాలి.

అలా చూడటానికి 1993 మార్చిలో ప్రసారమైన ఒక గంట కార్యక్రమాన్ని మించింది దొరకదు. బాల్టిమోర్ పోలీసుల హత్యకేసుల విభాగంతో ఏడాదిపాటు తిరిగిన విలేకరి డేవిడ్ సైమన్ ఒక పుస్తకం రాశాడు. దాని ఆధారంగా వచ్చిన ‘హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్’లో ‘త్రీ మెన్ అండ్ అడీనా’ అనే భాగం అది. కథ దాదాపు మొత్తం ఒకే గదిలో జరుగుతుంది. పదకొండేళ్ల పాప అడీనా హత్య. అనుమానితుడు బండి మీద పళ్లు అమ్ముకునే ముసలాయన. పన్నెండు గంటల్లో నేరం ఒప్పించాలి, లేదంటే వదిలెయ్యాలి. డిటెక్టివ్ పెంబుల్టన్‌గా ఆండ్రే బ్రావర్ గొంతు తగ్గిస్తాడు, చనువు నటిస్తాడు, ఉన్నట్టుండి మీదపడతాడు. కైల్ సీకోర్ చేసిన బేలిస్ చెయ్యి చేసుకునేదాకా వెళ్తాడు. ముసలాయనగా మోజెస్ గన్ మొదట వడలిపోయి, బెదిరి కనిపిస్తాడు. గంటలు గడిచేకొద్దీ ఆ ఇద్దరి బలహీనతలనూ పట్టుకుని వాళ్ల మాటలు వాళ్లకే అప్పజెబుతాడు. అరుపులు బోలెడు. కానీ ప్రతి అరుపు వెనకా ఒక ఎత్తుగడ ఉంటుంది, అది పారకపోతే ఇంకో ఎత్తుగడ. జులియార్డ్‌లో చదివి షేక్స్‌పియర్ నాటకాలు ఆడిన బ్రావర్‌కు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ బిగబట్టాలో తెలుసు. చివరికి నేరం రుజువు కాదు. మొదట అనుమానం లేని పెంబుల్టన్ ఆ ముసలాయనే చంపాడనుకుంటాడు, మొదటినుంచీ పట్టుబట్టిన బేలిస్‌కు ఇప్పుడు నమ్మకం పోతుంది. రాసిన టామ్ ఫాంటానాకు ఎమ్మీ వచ్చింది.

మన టీవీ సీరియళ్లలో ఇలాంటి సన్నివేశం వస్తే ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం. ఒకరు ఒక మాట అంటారు. గదిలో ఉన్న ప్రతి ముఖం మీదికీ కెమెరా మూడేసిసార్లు దూకుతుంది. వెనక ఉరుము లాంటి సంగీతం. నటుడు చేయాల్సిన పనంతా ఎడిటింగ్ బల్ల దగ్గర పూర్తవుతుంది, అతనికి మిగిలేది కళ్లు పెద్దవి చేయడమే.

దీనికి తోడు డబ్బింగ్ సమస్య ఉంది. పొరుగు రాష్ట్రాలనుంచి వచ్చిన నటీనటులు మన సీరియళ్లలో చాలామంది. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. డబ్బింగ్ కళాకారుల నైపుణ్యాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయినా సెట్లో ఒకరు బిగబట్టిన ఊపిరిని, తర్వాత స్టూడియోలో మైకు ముందు నిలబడ్డ మరొకరు వదలాల్సి వస్తే ఎక్కడో అతుకు కనిపిస్తుంది. విచారణ సన్నివేశం నడిచేదే ఊపిరి మీద.

నిదానంగా మాట్లాడి భయపెట్టడం మనకు చేతకాదని ఎవరూ అనలేరు. 1975లో బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’లో ముళ్లపూడి రాసిన కాంట్రాక్టరు మాటల్ని రావు గోపాలరావు ఎలా పలికారో తెలుగువాళ్లు మరిచిపోలేదు. తీరుబడిగా మాట్లాడే ఆ మనిషిని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 2012 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన దర్యాప్తు ఆధారంగా 2019లో వచ్చిన ‘ఢిల్లీ క్రైమ్’లో షెఫాలీ షా చూపిందీ అలాంటి అదుపే. ఆమె పోలీసు అధికారికి కోపం ఉంది, దుఃఖం ఉంది. కానీ నిందితులు దొరికేదాకా రెండింటికీ తీరిక లేదు. నిద్రలేని కళ్లతో ఒక్కో పనీ పురమాయిస్తూ పోతుంది. 2020లో ఆ సిరీస్ ఉత్తమ డ్రామాగా అంతర్జాతీయ ఎమ్మీ గెలిచింది.

ఇక 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటిష్ సిరీస్ ‘అడాలసెన్స్’. నాలుగు భాగాలు, ఒక్కో భాగం ఒక్కటే షాట్. మూడో భాగంలో హత్యారోపణ ఎదుర్కొంటున్న పదమూడేళ్ల జేమీ, అతనితో మాట్లాడటానికి వచ్చిన సైకాలజిస్టు, మధ్యలో ఒక బల్ల. ఆమె హాట్ చాక్లెట్ తెస్తుంది, తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. పిల్లాడు నవ్వుతాడు, గారాలు పోతాడు, క్షణంలో లేచి ఆమె మీద అరుస్తాడు, మళ్లీ పిల్లాడైపోతాడు. ఆమె గొంతు మారదు, మారకుండా పట్టుకోవడానికి పడుతున్న అవస్థ ఎరిన్ డోహర్టీ ముఖంలో తెలుస్తూ ఉంటుంది. జేమీగా చేసిన ఓవెన్ కూపర్‌కు అదే మొదటి పాత్ర. నాలుగు భాగాల్లో ముందుగా చిత్రీకరించింది కూడా ఈ మూడో భాగాన్నే. పదిహేనేళ్లకే అతను ఎమ్మీ అందుకున్నాడు. ఇది గాలిలోంచి ఊడిపడ్డ ప్రతిభ అనుకోవడం తేలిక. కెమెరా తిరగకముందు ఒక్కో భాగానికీ సాగిన సుదీర్ఘమైన రిహార్సళ్లు ఆ పిల్లాడి వెనక ఉన్నాయి.

తీవ్రంగా నటించడానికి ఒంట్లో ఓపిక కావాలి. ఏడాదికి ఇరవైకి పైగా భాగాలు తీసే వేగంలో గోరెన్‌ను మోసిన డొనోఫ్రియో 2004లో అలసటతో కుప్పకూలాడు. 2005 సీజన్‌నుంచి నిర్మాతలు ఆ భారాన్ని మరో నటుడు క్రిస్ నోత్‌తో పంచారు. చెరో భాగం మార్చి మార్చి చేశారు. పదేళ్ల సిరీస్‌ను అలా నిలబెట్టుకున్నారు.

మన దగ్గర వారానికి ఐదారు రోజులు ప్రసారమయ్యే సీరియల్ నటికి చాలాసార్లు డైలాగు కాగితం చేతికొచ్చేది సెట్లోనే. రోజువారీ సీరియళ్లను ఇప్పటికిప్పుడు మార్చమనడం అత్యాశ కావచ్చు. ఓటీటీ కోసం క్రైమ్ సిరీస్‌లు తీస్తున్న తెలుగు నిర్మాతలకు మాత్రం ఆ సాకు లేదు. స్క్రిప్టు ముందే పూర్తవుతుంది, భాగాలు ఎనిమిదో పదో ఉంటాయి. ఛేజింగ్‌కు పెట్టే షూటింగ్ రోజుల్లో రెండింటిని ఒక విచారణ సన్నివేశపు రిహార్సల్‌కు కేటాయించవచ్చు. నటీనటుల సొంత గొంతునే, సెట్లో పలికింది పలికినట్టు రికార్డు చేయవచ్చు. ఆ సన్నివేశం నడిచినంతసేపూ నేపథ్య సంగీతం ఆపేయవచ్చు.