ముసలోళ్ల మాట సాక్ష్యం కాదా?



'ముసలోళ్లకు పింఛనిస్తున్నాం గదా, ఇంకేం కావాలి?' ఇదీ సర్కారు పెద్దల మాట. ఏ పార్టీ గద్దెనెక్కినా ఇదే పాట. పింఛను ఎవరి జేబులోంచీ ఇచ్చే బిచ్చం కాదు, అది మన హక్కు. అందులో ఢిల్లీ వాటా ఎంతో తెలుసా? 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200 రూపాయలు. దాదాపు ఇరవై ఏళ్లుగా అదే 200. 80 దాటితే 500. పోడు కొట్టి, తునికాకు ఏరి, కావడి మోసి బతికినోళ్లలో 80 దాటేది ఎంతమంది? ఆ పనితోనే వేళ్లు అరిగిపోతే, వేలిముద్ర పడలేదని మళ్లీ తిప్పి పంపుతారు!

అయితే పేచీ ఒక్క పైసలతోనే కాదు. ముసలితనం బాగా గడవడమంటే ఏమిటి? అసలు ప్రశ్న అది.

పట్నపోళ్ల లెక్కలో ముసలి మనిషంటే పనైపోయిన మనిషి. అందుకే 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం తెచ్చి, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు పోవచ్చన్నారు, వృద్ధాశ్రమాలు కట్టాలన్నారు. అక్కరకొచ్చే చట్టమే, కాదనం. కాని కోయ, గోండు, చెంచు, కొండరెడ్డి గూడేల్లో పెద్దల్ని దిక్కులేనోళ్లను చేసింది పిల్లలా? భూమిని, అడవిని గుంజుకున్నోళ్లా?

గూడెంలో ముసలామెకు ఏ గడ్డ తినాలో, ఏది విషమో తెలుసు. ముసలాయనకు ఏ ఇంటిపేరుకు ఏ వేల్పో తెలుసు. సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను నోటితోనే పాడేవాడు. మర్లవాయి కనకరాజు గుస్సాడీ ఆట నేర్పేవాడు. 2021లో కనకరాజుకు, 2022లో రామచంద్రయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లోనే ఇద్దరూ వెళ్లిపోయారు. అలాంటి పెద్దలు గూడెం గూడేనికీ ఉన్నారు, బిరుదు రాలేదు, అంతే. వేదిక మీద సన్మానం చేసేటప్పుడు ఆదివాసీ 'జాతి సంపద'. అదే ఆదివాసీ పట్టా అడిగితే 'ఆక్రమణదారు'. ఇదేం న్యాయం?

పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి పెద్దల్ని కాలనీల్లోకి తెచ్చిపడేశారు. ఇల్లిచ్చాం అంటారు. గోదారి చేప, అడవి గడ్డ, తాతల సమాధులు ఎవరిస్తారు? మనవడికి చూపించడానికి చెట్టే లేని చోట తాత తెలివి దేనికి పనికొస్తుంది? మనిషి చావకముందే ఆయన పెద్దరికాన్ని చంపేశారు.

ఇప్పుడు చట్టం సంగతి వినండి. 2006 అటవీ హక్కుల చట్టం, అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. దాని కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వది ఏమంటోంది? హక్కుదారు కాని పెద్దలు చెప్పిన మాట రాసుకుంటే అది సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, వేల్పుల తావు కూడా సాక్ష్యాలే. ఒకటి చాలదు, రెండు చూపాలి. ఆ రెండూ ఒక ముసలామె నోట్లో, ఆమె నడిచే దారిలో ఉన్నాయి! ఉపగ్రహం ఫొటో తోడుగా ఉండొచ్చు గాని మిగతా సాక్ష్యాలకు బదులు కాదని 2012 సవరణ చెప్పింది. అయినా ఆఫీసరు ఫొటోనే నమ్ముతాడు, అవ్వను నమ్మడు.

ఇది మన దళితవాడలకూ తగిలే సంగతి. అడవినే నమ్ముకొని బతికే దళితులు పట్టా అడిగితే, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపాలి. చదువుకే దూరం పెట్టినోళ్ల దగ్గర 75 ఏళ్ల కాయితాలు ఎట్లా ఉంటయ్? మన దస్తావేజు మన ముసలోళ్లే.

2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తు కొట్టేసినోళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశంలో 10 లక్షలకు పైగా దరఖాస్తుల మీద కత్తి వేలాడింది. జనం లేచారు, 28న ఆ ఉత్తర్వు ఆగింది. ఆగింది అంతే.

కార్యకర్తలారా, పని ఇదీ. గ్రామసభలో మొదటి మాట పెద్దలది కావాలి. వాళ్లను అటవీ హక్కుల కమిటీ వెంట పొలం మీదికి తీసుకపోండి, నడవలేకపోతే మోసుకపోండి. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించండి. దరఖాస్తు కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. గ్రామసభ తీర్మానం మీద 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాదంటే మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు. గడువు దాటనీయొద్దు.

తన నేల మీద, తన భాషలో, తన మాటకు విలువుండి ముసలిదవడం, అదీ బాగా బతకడమంటే. పింఛనూ కావాలి, పట్టా కూడా కావాలి. ముసలోళ్లను కాపాడుకోవడం జాలి కాదు, మన భూమి పోరాటంలో మొదటి పని!