పన్ను చచ్చింది, భయం చావలేదు

పైదవడ పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న మాట నల్లగొండ, పాలమూరు పల్లెల్లో విననివాళ్లు ఉండరు. ఆ నరం తిన్నగా కంట్లోకి పోతుందట. ఇప్పుడు అదే ఇంటికి ఫోన్లో ఇంకో మాట వచ్చి చేరింది. పీకించకుండా రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ చచ్చిన పన్ను ఒంట్లోకి విషం వదులుతుందట, గుండెజబ్బూ క్యాన్సరూ దాన్నుంచేనట. పీకిస్తే కన్ను పాయె, ఉంచుకుంటే పానం పాయె. ఇక మిగిలింది లవంగ నూనె, నొప్పి గోళీ. వాటితో నెలా రెణ్ణెల్లు నెట్టుకొచ్చి, దవడ వాచి నోరు తెరవరాని స్థితిలో దవాఖాన మెట్లెక్కే మనుషుల సంగతి ఏ పండ్ల డాక్టరునడిగినా చెబుతాడు.

మొదటి భయానికి జవాబు చిన్నది. చూపునిచ్చే నరం వేరు, పంటికి వచ్చే నరం వేరు. పండ్లు ఊడే వయసూ కంటికి శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో నింద పన్ను మీద పడింది.

రెండో భయం మన దగ్గర పుట్టింది కాదు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలోని మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, నోట్లో దాగిన చీము ఒంట్లోని సగం రోగాలకు మూలమన్నట్టు మాట్లాడాడు. అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంత వైద్యుడు దాన్ని పట్టుకుని, రూట్ కెనాల్ చేసిన పండ్లు పీకి కుందేళ్ల చర్మం కింద పెట్టాడు. కుందేళ్లు జబ్బుపడ్డాయి. 1923లో దానిమీద పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. పండ్లను పీకేటప్పుడే సూక్ష్మజీవులు అంటుకున్నాయనీ, చిన్న జంతువులోకి అంత మోతాదు ఎక్కిస్తే ఏదైనా జబ్బుపడుతుందనీ తర్వాతివాళ్లు తేల్చారు. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లోని మానసిక చికిత్సాలయానికి అధిపతిగా ఉన్న హెన్రీ కాటన్, పిచ్చికి మూలం పండ్లేనని నమ్మి రోగుల పండ్లన్నీ పీకించాడు. పండ్లయ్యాక టాన్సిల్స్, ఆ తర్వాత పేగులు. ఎంతోమంది చనిపోయారు. ఆయన దొంగ కాదు. సొంత పిల్లల పండ్లు కూడా పీకించిన మనిషి. నమ్మకం ముదిరితే ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? 1938లో సిసిల్, ఆంజివైన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 200 మంది కీళ్లవాతం రోగుల లెక్క తీసి, పండ్లు పీకినందువల్ల కీళ్లు బాగుపడలేదని రాశాక ఆ మోజు చల్లబడింది. ఎనభై ఏళ్ల తర్వాత ఆ పాత వాదాన్నే మళ్లీ ‘రూట్ కాజ్’ అనే సినిమాగా తీశారు. దంత వైద్యుల అభ్యంతరాల నడుమ 2019లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది. తీసేసినా ముక్కలు ముక్కలుగా మన ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అయితే ఒకటి. అనుమానించే హక్కు ఈ దేశంలో ఎవరికైనా ఉందంటే ముందు నల్లగొండవాడికే ఉంది. మద్రాసు రాష్ట్రంలో నీళ్ల ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోతున్నాయని 1937లోనే వైద్యులు అచ్చులో పెట్టారు. నల్లగొండ జిల్లా గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వ్యాసమే వేసింది. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీళ్లు శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. జిల్లా పేరు ఆఫ్రికా దాకా పోయింది, నీళ్లు మాత్రం అదే జిల్లాలోని మర్రిగూడకు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి నిరసనగా 480 మంది నిలబడి బ్యాలెట్‌ను పుస్తకం చేస్తే గానీ ఢిల్లీ తలతిప్పి చూడలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. చిన్నప్పుడు బోరునీళ్లు తాగిన తరం పండ్ల మీద ఫ్లోరైడ్ మరకలు మాత్రం ఉండిపోయాయి. అందుకే ‘డాక్టర్లు దాస్తున్నరు’ అని ఎవరైనా అంటే ఇక్కడ చెవులు త్వరగా నిక్కపొడుచుకుంటాయి. వాళ్లను వెర్రివాళ్లంటే నేనొప్పుకోను.

కాకపోతే ఆ అనుమానం తప్పుడు గుమ్మం ముందు కూర్చుంది.

ఆ మరకనే తీసుకోండి. ఎనిమిదేళ్లలోపు, పన్ను ఇంకా చిగురు కింద తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు అది. సుద్దలాంటి తెల్లచారలు, ముదిరితే గోధుమ రంగు మరకలు, చిన్న చిన్న గుంటలు. అది పుచ్చు కాదు, తోమితే పోదు. పోగొడతామని అంగడిలో గుడ్డ పరుచుకుని కూర్చున్నవాళ్లు దూదిని యాసిడ్‌లో ముంచి రుద్దుతారు. ఆ పూటకు పన్ను తెల్లగా మెరుస్తుంది, నిజమే. మెరిసింది పైపొర పోయినందుకు. పెళ్లిచూపులకని రుద్దించుకున్న పిల్ల, పెళ్లి నాటికి చల్లనీళ్లు తాగలేదు.

పంటి పురుగు తీసేవాళ్ల సంగతి ఇంకా చిత్రం. నిప్పుకణికల మీద వాకుడు గింజలు వేసి, గొట్టంతో ఆ పొగ పుచ్చుపన్నుకు పట్టిస్తారు. కాసేపటికి పళ్లెంలో నీళ్లలో తెల్లటి సన్నటి పురుగులు తేలతాయి. అందరూ అవి చూసి నోరెళ్లబెడతారు. వేడికి పగిలిన గింజల లోపలి మొలకలవి. పంట్లో పురుగు అనేదే లేదు. పన్నును తొలిచేది కంటికి కనబడని సూక్ష్మజీవులు తీపిని తిని వదిలే ఆమ్లం. పొగకు నరం కాస్త మొద్దుబారి ఆ రాత్రి నిద్రపడుతుంది, ఇచ్చిన డబ్బు దండగ కాలేదనిపిస్తుంది.

చదువుకున్నవాళ్లకు వేరే పురుగు. 1990లలో ఉక్రెయిన్ వైద్యుడెవరో చెప్పాడంటూ నూనె పుక్కిలించే ఆయిల్ పుల్లింగ్ తెలుగునాట ఇంటింటా చేరింది. చెడ్డ అలవాటేం కాదు. పండ్ల మీది పాచి కొంత తగ్గుతుంది. వేపపుల్లా అంతే, కానుగపుల్లా అంతే. కానీ పుచ్చు లోపలి గుజ్జు దాకా దిగాక పైన పుక్కిలించిన నూనె వేరు కొసకు ఎలా చేరుతుంది? చీము వేరు కింద ఎముకలో ఉంటుంది.

రూట్ కెనాల్ చేసేది ఆ వేరు లోపలే. మత్తిచ్చి, పన్నుకు చిల్లి చేసి, వెంట్రుకంత సన్నటి ఫైళ్లనే పనిముట్లతో చెడిన గుజ్జు తీసేస్తారు. హైపోక్లోరైట్ ద్రావణంతో కడుగుతారు. నల్లగొండ టెక్నిక్‌లో నీళ్లలో వేసే బ్లీచింగ్ పొడికి అది దగ్గరి చుట్టమే. తర్వాత గట్టా పెర్చా అనే చెట్టుపాల పదార్థంతో కాలువను పూడ్చి, పైన క్యాపు వేస్తారు. లోపలి నరం పోతుంది గానీ, వేరును ఎముకకు పట్టి ఉంచే పొర బతికే ఉంటుంది కాబట్టి ఆ పన్ను పూర్తిగా చచ్చిందనడం కూడా సరికాదు. సూక్ష్మజీవులు నూటికి నూరు పాళ్లు పోతాయా అంటే పోవు, ఆ మాటవరకు భయపెట్టేవాళ్లు చెప్పేది నిజమే. మిగిలినవి మూతపడ్డ కాలువలో తిండి లేక అణగిపోతాయి. సరిగ్గా చేస్తే పదిలో ఎనిమిది తొమ్మిది పండ్లు ఏళ్లతరబడి నిలుస్తాయి. నిలవనిదాన్ని మళ్లీ తెరవొచ్చు, పీకనూ వచ్చు.

‘సరిగ్గా చేస్తే’ అన్నానే, భయపడాల్సింది అక్కడ. తమిళనాడులో వేలూరు దాటి కొద్ది దూరం పోతే వచ్చే వాణియంబాడిలో 2023లో ఏం జరిగిందో మన పత్రికల్లో పెద్దగా రాలేదు. ఒకే దంత వైద్యశాలకు వెళ్లినవాళ్లకు మెదడుకు సోకే మెలియాయిడోసిస్ అంటుకుని ఎనిమిది మంది చనిపోయారు. ఆరా తీస్తే తేలింది ఇంతే. చిగురుకు వాడే పనిముట్టుతోనే సెలైన్ సీసా మూత తెరిచారు, సగం వాడిన సీసాను మూత సరిగా బిగించకుండా తర్వాతి రోగికీ వాడారు. చంపింది రూట్ కెనాల్ కాదు, సీసా.

ఫైలు లోపలే విరగడం, పైదవడ పెద్దపన్నులో ఉండే నాలుగో కాలువను చూడకుండా పూడ్చేయడం, ఎక్స్‌రే లేకుండా అంచనాతో పని కానివ్వడం, ‘క్యాపు తర్వాత చూద్దాంలే’ అంటే విన్న రోగి తిరిగి రాక పన్ను నిలువునా చీలడం, ఇవీ నిజమైన ప్రమాదాలు. చట్టం ప్రకారం పేరు నమోదు లేనివాడు పన్ను ముట్టుకోరాదు. మండల కేంద్రాల్లో చాలా బోర్డుల మీద ఆ నమోదు నంబరు కనబడదు. ఎవరూ అడగరు కూడా.

ఇంకో వైపూ చెప్పాలి. ప్రతి పుచ్చుకూ రూట్ కెనాలే మందనే డాక్టరునూ నమ్మనక్కర్లేదు. లోతు తక్కువైతే సిమెంటుతో సరిపోతుంది. ముక్కలైన పన్నును పీకించుకోవడం తప్పేం కాదు. ముంబైకో పుణేకో వలసపోయే పాలమూరు కూలీకి మూడు సిట్టింగులు, నాలుగైదు వేలు, క్యాపుకు వేరే అంటే అది వైద్యం కాదు, వెక్కిరింత. అతను పీకించుకుని బండెక్కితే అది అజ్ఞానం కాదు, లెక్క. చెడిన పన్నును ఉంచుకుని ఏమీ చేయించకపోవడమే అన్నిటికన్నా ముప్పు. చీము దవడ కిందికి దిగి గొంతు వాస్తే ఊపిరే ఆగిపోవచ్చు. గుండె కవాటాల జబ్బున్నవాళ్లు, షుగరున్నవాళ్లు ఏ పంటి పనికైనా ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పు చేస్తారు, పాముకాటుకు సూదివేస్తారు, పన్ను నొప్పంటే గోళీ ఇచ్చి పంపుతారు. బీడీఎస్ చదివిన పిల్లలేమో చాలీచాలని జీతాలకు పట్నం క్లినిక్కుల్లో పనిచేస్తున్నారు. మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ మండలాల్లో మచ్చపండ్ల తరం ఇప్పుడు నలభై దాటుతోంది. భగీరథకు వేల కోట్లు పెట్టిన సర్కారు మండలానికో పంటి కుర్చీ, పనిముట్లు శుద్ధిచేసే ఒక ఆటోక్లేవ్, ఒక డాక్టరును పెట్టలేనంటే నమ్మడం కష్టం.

అప్పటిదాకా, అయ్యా, అమ్మా, నొప్పి మొదలైన వారంలోనే కదలండి. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ దంత వైద్య కళాశాలలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత దవాఖాన ఉంది. చదువుకునే పిల్లలు పెద్ద డాక్టర్ల కళ్లముందే చేస్తారు, బయటి క్లినిక్కుకన్నా ఖర్చు తక్కువ. ఎక్కడికి పోయినా కుర్చీలో కూర్చునే ముందు మూడు మాటలడగండి: మీ రిజిస్ట్రేషన్ నంబరెంత, ఎక్స్‌రే తీస్తారా, ఈ పనిముట్ల పొట్లం నా ముందు విప్పుతారా? మూడింటికీ చిరాకుపడే చోటునుంచి లేచి వచ్చేయండి.