మన పాట పెట్టె తాళం మన దగ్గరే ఉండాలె

పోయిన దండారికి మీరు తీసిన వీడియోలు ఇప్పుడు ఎక్కడున్నయి? ఫోన్లో ఉన్నయంటారు. ఫోన్ పగిలితే? నెట్‌లో పెట్టినం అంటారు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మనోళ్ల ఆటపాటలు ఎన్ని చెయ్యి దాటిపోయినయో గుర్తు చేసుకోండి. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే ముచ్చట. పాట మనది, పెట్టె ఇంకొకరిది. తాళం కూడా వాళ్లదే.

2024లో ఇద్దరు పెద్ద కళాకారులను పోగొట్టుకున్నం. జూన్‌లో కోయ డోలి సకిని రామచంద్రయ్య, అక్టోబర్‌లో గుస్సాడీ కనకరాజు. ఇద్దరూ పద్మశ్రీలు కాబట్టి వాళ్లను చాలామంది రికార్డు చేసుకున్నరు. మరి పేరు బయటికి రాని మన అవ్వలు, తాతల సంగతేంది?

అందుకే నేననేది, ప్రతి గూడేనికీ సొంత మీడియా సర్వర్ ఉండాలి. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మూలన పడ్డ 64 బిట్ ల్యాప్‌టాప్ ఒకటి చాలు. దాంట్లో డెబియన్ లినక్స్, దాని మీద జెల్లీఫిన్ ఎక్కించాలి. రెండూ ఉచితమే. 2018లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ను మూసేస్తే, అంతకుముందున్న కోడ్ పట్టుకుని వలంటీర్లు నిలబెట్టిందే జెల్లీఫిన్.

నెట్ ఎక్కించేటప్పుడే కావాలి. ఆ పని మండల కేంద్రంలో చేసుకుని రావచ్చు. గూడెంలో నెట్ లేని వైఫై రౌటర్ ఉంటే సరిపోతది. ఫోన్లను దానికి కలిపి, బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్, పక్కన 8096 పోర్టు నంబర్ కొడితే పాటలు వస్తయి. చాలామంది ఒక్కచోట ఆగిపోతరు. ఫోల్డర్ చదివే అనుమతి జెల్లీఫిన్ యూజర్‌కు ఇవ్వకపోతే లైబ్రరీ ఖాళీగా కనబడతది. ఇంకోటి, ఒక్క డిస్కును నమ్మొద్దు. ఆర్‌సింక్‌తో రెండో డిస్కులోకి కాపీ తీసి పక్క గూడెంలో దాచండి.

యూట్యూబ్‌లో పెడితే లోకమంతా చూస్తది గదా అంటారు. పెట్టండి, వద్దనను. అసలు కాపీ మాత్రం ఇంట్లో ఉండాలి. పైగా అన్నీ లోకానికి చూపేవి కావు. దేవుడి దగ్గర పాడేవి కొన్ని ఉంటయి. ఎవరికి ఏ లైబ్రరీ కనిపించాలో జెల్లీఫిన్‌లో విడివిడిగా పెట్టొచ్చు. ఆ నిర్ణయం కంప్యూటర్ వచ్చిన పిల్లగాడిది కాదు. పాడిన అవ్వ, ఊరి పెద్దలు చెప్పాలె. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి జేబులోనే ఉంటే కంపెనీకీ మనకూ తేడా ఏముంది? కనీసం ఇద్దరికి తెలియాలి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి.

పాత ల్యాప్‌టాప్ ఎవరింట్లో ఉందో ఈ వారమే అడగండి. అది దొరికేదాకా ఆగకుండా అవ్వ దగ్గర కూర్చుని పాట రికార్డు చేయండి. ఫైలు మీద పాడినామె పేరు, ఊరు, తేదీ రాయండి. ల్యాప్‌టాప్ ఆలస్యమైనా దొరుకుతది, అవ్వ దొరకదు.