పోర్టు పోయింది, రౌటర్ పోలేదు

మన నెట్‌వర్క్స్ ల్యాబ్‌లోని పాత రౌటర్ స్క్రాప్ లిస్టులోకి ఎక్కింది. కారణం: మేనేజ్‌మెంట్ పోర్టు పనిచేయట్లేదు. నా మాట సూటిగా చెప్తాను. దాన్ని ఆ లిస్టులోంచి తీసేయాలి. బాగున్న రౌటర్ల కన్నా మనకి ఎక్కువ నేర్పగలిగేది అదే.

రౌటర్‌కి మేనేజ్‌మెంట్ పోర్టు పెరటి తలుపు లాంటిది. ప్యాకెట్ల రాకపోకలన్నీ వీధి గుమ్మం నుంచే, అంటే డేటా పోర్టుల నుంచే. అడ్మిన్ మాత్రం పెరట్లోంచి వచ్చి పని చూసుకుపోతాడు. పెరటి తలుపు గడియ విరిగిందని ఇల్లు కూల్చుకుంటామా?

మొన్న సార్ పర్మిషన్‌తో మేం నలుగురం దాని ముందు కూర్చున్నాం. ముందు కేబుల్ మార్చాం. తర్వాత అవతలి స్విచ్‌లో పోర్టు మార్చాం. లైటు రాలేదు. సెల్‌ఫోన్ టార్చి వేసి పోర్టు లోపల ఎనిమిది పిన్నులూ చూశాం: వంగిందేమీ లేదు, చిలుము పట్టిందేమీ లేదు. ఇక కన్సోల్ కేబుల్ పెట్టాం. స్పీడు 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలొస్తే స్పీడు కలవలేదని అర్థం. అసలేమీ రాకపోతే ముందు కేబుల్‌నో యూఎస్‌బీ కన్వర్టర్‌నో అనుమానించాలి. మాకు శుభ్రంగా ప్రాంప్ట్ వచ్చింది.

ఇక్కడే మనవాళ్లంతా చేసే పని ఒకటుంది: రీస్టార్ట్. పాత రౌటర్ దగ్గర అది ఆఖరి మందు, మొదటి మందు కాదు. ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగరేషన్ ర్యామ్‌లో ఉంటుంది. ఎవరైనా సేవ్ చేశారో లేదో ఎవరికి తెలుసు? పైగా ముసలి పవర్ సప్లై మళ్లీ లేస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే ముందు మొత్తం కాన్ఫిగరేషన్‌ని టెక్స్ట్ ఫైల్‌లో దాచుకున్నాం.

ఆ తర్వాత, ఎవరైనా షట్‌డౌన్ కమాండ్ ఇచ్చి వదిలేశారేమో చూశాం. లేదు. స్పీడుని 1000 నుంచి 100కి దించాం. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. కాబట్టి సగం చచ్చిన పోర్టు ఒక్కోసారి 100 దగ్గర బతుకుతుంది. ఇది బతకలేదు. పోర్టు నిజంగానే పోయింది. కానీ మిగతా పోర్టులన్నీ చక్కగా ప్యాకెట్లు పంపుతున్నాయి!

ఇక మిగిలింది ఒక డేటా పోర్టు మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లడం, ఏ మెషిన్ల నుంచి రావచ్చో యాక్సెస్ లిస్టుతో కట్టడి చేయడం. పని నడుస్తుంది. కానీ చిక్కేంటంటే, వీధి గుమ్మం మూసుకుపోయిన రోజు మనం కూడా బయటే నిలబడాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు 6 గంటలు ఆగిపోయాయి గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్‌ని తెంపేసింది. అత్యవసరానికి పెట్టుకున్న విడి దారి కూడా అందలేదు. చివరికి ఇంజినీర్లని డేటా సెంటర్లకి పంపాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి ఎదురైన ప్రశ్నే మన ల్యాబ్ మూలలోనూ ఉంది: పెరటి తలుపు లేనప్పుడు లోపలికి ఎలా వెళ్తావు?

"ప్యాకెట్ ట్రేసర్ ఉందిగా బ్రో" అంటారు. ఉంది, మంచిదే. హాస్టల్ గదిలో కూర్చుని ఇరవై రౌటర్లు కలుపుకోవచ్చు. కానీ అందులో పిన్ను వంగదు, పవర్ సప్లై ముసలిదవ్వదు. అందుకే మన రికార్డుల్లో అరవై మందికీ ఒకటే అవుట్‌పుట్!

ఇంకో అభ్యంతరం: పాతవాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఇది ఒప్పుకోవాల్సిందే. కాబట్టి దాన్ని కాలేజీ నెట్‌కి కలపొద్దు. ల్యాబ్ బల్ల మీద విడిగా ఉంచుదాం, క్లాసు ఉన్నప్పుడే ఆన్ చేద్దాం. పూర్తిగా చచ్చిన రోజు పాస్‌వర్డులు చెరిపేసి, పాత సామాన్లవాడికి కాకుండా రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇద్దాం.

డిపార్ట్‌మెంట్‌కి నా విన్నపం ఒక్కటే. సెమిస్టర్‌కి ఒక్క ల్యాబ్ క్లాసు ఈ రౌటర్‌కి ఇవ్వండి. రోగం ఏంటో చెప్పకండి. ఏం చూశాం, దేన్ని కొట్టేశాం, ఏ వరసలో అని రాయమనండి. మార్కులు జవాబుకి కాదు, ఆ వరసకి వేయండి. రేపు ఉద్యోగంలో మన చేతికొచ్చేవి కొత్త డబ్బాలే కావు. ఎవరో పెట్టి వెళ్లిపోయిన, పాస్‌వర్డ్ కూడా ఎవరికీ గుర్తులేని డబ్బాలు కూడా వస్తాయి. వాటి ముందు కూర్చోవడం ఇక్కడే అలవాటు చేసుకుందాం.