చాపకూడు చూపించి పల్లెను దాస్తారా?

పల్నాడు చూపిస్తాం రమ్మంటారు. సంతోషం. మాచర్ల చెన్నకేశవుడి గుడి, గురజాల, కారంపూడిలో నాగులేటి ఒడ్డు, వీరుల గుడి... కాళ్లరిగేలా తిప్పుతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలోళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనానిని చేశాడనీ గొంతు పెంచి చెబుతారు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి బస్సెక్కుతారు.

అయ్యా, ఆ కన్నమదాసు కులపోళ్లు ఇవాళ ఎక్కడుంటున్నారో ఎందుకు చూపించరు?

ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ అనే పట్నం ఉంది. ఫాల్స్ రోడ్డు క్యాథలిక్కులది, షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంట్లది. 1969 నుంచి మధ్యలో గోడలు లేచాయి. అక్కడ పట్నం చూపించేవాళ్లలో ఆ కొట్లాటల్లో జైలుకు పోయొచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరి వీధి కథ వాళ్లే చెబుతారు. వచ్చినవాళ్లను గోడ దగ్గరికే నడిపిస్తారు.

మన ఊళ్లకు గోడ అక్కర్లేకపోయింది. ఊరు ఒకవైపు, మాలపల్లె, మాదిగపల్లె ఇంకోవైపు. చచ్చాక పూడ్చే చోటు కూడా వేరే. 1985 జూలైలో కారంచేడులో మాదిగలను నరికి చంపిన దారుణం మొదలైంది వాళ్లు తాగే చెరువు నీళ్ల దగ్గరే. అది పల్నాడు కాదుగదా అంటారేమో. నీళ్ల దగ్గర గీత గీయని ఊరు పల్నాడులో ఏదో చెప్పండి, మేమే దగ్గరుండి చూపిస్తాం!

కారంపూడిలో కార్తీకంలో అయిదు రోజుల వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు పెడతారు. పెట్టనీండి, మంచిదే. ఆ ఒక్క పూటా చూపించి మిగతా 364 రోజులను చాప కింద దాస్తామంటేనే మా పేచీ.

ఇంతకీ ఈ కథ బతికింది ఎవరి నోట? శ్రీనాథుడి పేరు టక్కున చెప్పేస్తారు. తరతరాలుగా ఈ కథను పాడుకొస్తున్న వీరవిద్యావంతులు మాలలు. జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు 1982లో ఇంగ్లీషులో అచ్చేసిన పల్నాటి కథ, అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడిందే. పాట మాది, ఊరు చూపించే పెత్తనం మీదా?

ఇకనుంచి నడక మా పల్లెలో మొదలవ్వాలి. మా బావి, మా చర్చి, మా శ్మశానం చూశాకే గుడికి పోవాలి. వినుకొండ కూడా కలపండి, 1895లో జాషువా పుట్టిన ఊరది. చెప్పేవాళ్లు మా పల్లె ఆడోళ్లూ మగోళ్లూ అయ్యుండాలి. కూలి ముందే మాట్లాడుకోవాలి. దానంగా ఇస్తామంటే మాత్రం తీసుకోం.