పొరుగింటి నిప్పు



ఈ మాసము నాకందిన జాబులలో ఒక సోదరి యిట్లు వ్రాసినది: “మావారికి భూటాను దేశమున ఉపాధ్యాయ పదవి లభించినది. కొండపల్లెలో కాపురము. వెంట ఏమేమి తీసికొనిపోవలెను?” మా నిజామాబాదు ప్రాంతమునుండి దుబాయికి, మస్కటుకు పోవువారు కొల్లలు గాని హిమాలయములకు పోవువారు అరుదు. నేను ఆ కొండలలో రెండేండ్లు కాపురము చేసినదానను గావున నా యనుభవమునే విన్నవించుచున్నాను.

2018వ సంవత్సరము ఫిబ్రవరిలో మేము పోచంపాడునుండి బయలుదేరితిమి. అచ్చట బడులు తెఱచు కాలమది. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన మా జలాశయముక్రింద మునిగిన పల్లెలలో మా అత్తమ్మ పుట్టినయూరొకటి. ఊరు విడుచుట యెట్టిదో ఆమెకు తెలియును. నేను మూటలు కట్టుచుండగా ఆమె, “సామాను ఎంత మోసుకొనిపోయినను ఇల్లు కుదురదమ్మా! పొరుగింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకొన్ననాడే కుదురును” అన్నది. ఆ మాట నేను లెక్కచేయలేదు.

ఫుంచోలింగు సరిహద్దు దాటి, థింపూ, త్రోంగ్సాల మీదుగా కొండదారులవెంట పోయి బుమ్‌థాంగు మండలములోని ఊరా గ్రామము చేరితిమి. అది సుమారు 3,100 మీటర్ల యెత్తున నున్నది. 1961లో ఆ దేశపు మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైన కాలమున మన దేశమునుండి, ముఖ్యముగా కేరళమునుండి, పోయిన ఉపాధ్యాయులు దినములతరబడి నడచి బడులు చేరెడివారట. వారితో పోల్చిన మా ప్రయాస యెంత?

మాకు దొరికినవి ఒక రైతు ఇంటి మీదియంతస్తున రెండు గదులు. రాతిగోడలు, చెక్కనేల, నిటారైన కఱ్ఱనిచ్చెన, తల వంచనిదే చొరరాని గుమ్మము. గది నడుమ బుఖారీ యను ఇనుప కట్టెలపొయ్యి. దాని పొగ గొట్టముగుండ వెలికి పోవును.

మొదటినాడు కందిపప్పు ఎంతసేపు కాగినను పలుకుగానే మిగిలినది. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరగును. మన యింట నూఱు డిగ్రీలకు చేరువలో మరగు నీరు అచ్చట తొంబదికే మరగును. ప్రెషర్ కుక్కరు లేనిదే అచ్చట పప్పన్నము లేదు. కారము తినుటలో మనకు సాటిలేదనుకొన్న నాకు గర్వభంగము కూడ నైనది. అచ్చటివారు మిరపకాయలనే కూరగాయగా తరిగి, ఛీజుతో ఉడికించి, ఎమదాచీ యను కూర వండుకొని యెఱ్ఱబియ్యపు అన్నముతో తిందురు.

ఇక బుఖారీ రాజేయుట నాకు చేతకాలేదు. కట్టెలు పొగ చిమ్ముటయే గాని మండవు. క్రింద నున్న యింటి యజమానురాలిని అడుగుటకు అభిమానము అడ్డువచ్చెను. పంతులుగారి భార్యకు పొయ్యి రాజేయుట రాదా యని నవ్వుదురేమో యని సంకోచించితిని.

ఐదవనాటి రాత్రి మంచు కురియుచుండెను. మావారు పనిమీద జకారు పట్టణమునకు పోయి తిరిగి రాలేదు. నాలుగేండ్ల బిడ్డ చలికి వణకుచుండగా మూకుడులో బొగ్గులు రాజేసి మంచము ప్రక్కన పెట్టి, తలుపులు కిటికీలు బిగించి పరుంటిని. నడిరేయి బిడ్డ వాంతి చేసికొన్నది. లేవబోగా నాకు తల దిమ్మెక్కి కాళ్ళు తేలిపోయెను. ఎట్లో ప్రాకి గడియ తీసి కేక వేసితిని. ఆమె పరుగున వచ్చి కిటికీలన్నియు తెఱచి, మూకుడును మంచులోనికి విసరి, బిడ్డను కంబళిలో చుట్టి ఆరుబయటికి తీసికొనిపోయెను. మేము కొంత తేరుకొన్న పిదప ఆమె ఏమో యన్నది. బడిలో చదువుకొను ఆమె కూతురు ఆ మాటను ఇంగ్లీషున చెప్పినది: “ఒక్కమాట అడిగిన రానా?” తెల్లవారి ఆరోగ్యకేంద్రమున చూపించితిమి. దైవకృపచేత గండము గడచినది.

సోదరీమణులారా! మూసిన గదిలో బొగ్గులు కాలిన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేదు గదా యని నమ్మరాదు. తలనొప్పి, వాంతి, మగత కలిగిన తక్షణము ఆరుబయటికి వచ్చి వైద్యుని చూడవలెను. ఇది కొండలకే చెల్లిన మాట గాదు. మన యిండ్లలోను బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపు మూయు వాడుక కలదు. దానిని నేడే మాన్పించుడు.

మఱునాడు ఆమె నాకు ఎండుకట్టెలు చీల్చుట, గొట్టములోని మసి దులుపుట నేర్పినది. ఆ సాయంకాలము ఆమె పొయ్యిలోని కొఱవి తెచ్చి నా బుఖారీ వెలిగించుకొంటిని. నేను మా ఆర్మూరు పసుపు గుప్పెడు ఇచ్చితిని. అటుపిమ్మట ఆ రెండు గదులు మా యిల్లే యైనవి.

కావున, జాబు వ్రాసిన సోదరీ! ప్రెషర్ కుక్కరు, కందిపప్పు, చింతపండు, పసుపు, ఉన్నిబట్టలు తప్పక తీసికొనిపొండు. చేరిన తొలినాడే నిచ్చెన దిగి పొరుగింటి తలుపు తట్టి, పొయ్యి యెట్లు రాజేయవలెనో యడుగుడు. నేను ఐదు దినములు ఆలస్యము చేసితిని, మీరు చేయకుడు.